అరవై అయిదో పుట్టినరోజుకి వచ్చే కాగితాలు

(ఎడిసన్‌లో జరిగిన మన ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం, చిన్న చిన్న సవరణలతో)



ఈ ఫోరంలో మనం మామూలుగా మాట్లాడుకునేవి ఎన్నికలు, వీసాలు, అక్కడి రెండు రాష్ట్రాల రాజకీయాలూను. ఈసారి రిటైరైనవాళ్ళ ఆరోగ్య బీమా గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగితే నేను తెల్లబోయాను. "నేను డాక్టర్ని కాను, ఇన్స్యూరెన్సు ఏజెంటుని అసలే కాను, ముప్ఫై ఏళ్ళపాటు డేటాబేసులకి కాపలా కాసినవాణ్ణి" అన్నాను. "మీరు దెబ్బ తిన్నారు కదండీ, అది చాలు" అన్నారాయన. కాదనలేకపోయాను.

ఆ దెబ్బ సంగతే ముందు చెబుతాను. మా ఆవిడ అనుమతితోనే చెబుతున్నాను. వెనక వరసలో కూర్చుని ఉంది, తప్పు చెబితే అక్కడినుంచే సరిదిద్దుతుంది.

నేను 2022 జూలై ఆఖరున రిటైరయ్యాను. ఆగస్టులో మా ఆవిడకి 65 నిండాయి. ఇద్దరికీ ఒకేసారి మెడికేర్ తీసుకోవలసి వచ్చింది. నాకు అప్పటికే గుండెకి ఒక స్టెంటు ఉంది. అందుకని నాకు అసలు మెడికేరూ, దానిమీద మెడిగాప్ ప్లాను జీ, మందులకి వేరే పార్ట్ డి తీసుకున్నాను. మా ఆవిడకి కాస్త షుగరు తప్ప ఏమీ లేదు. "ఆవిడకెందుకండీ అంత ఖర్చు, సున్నా ప్రీమియంతో అడ్వాంటేజ్ ప్లాను ఉంది, పళ్ళకి ఇస్తారు, కళ్ళద్దాలకి ఇస్తారు, జిమ్ము కూడా ఉచితం" అన్నాడు ఏజెంటు. నేనూ తల ఊపాను. మెడిగాప్‌కి నెలనెలా కట్టే డబ్బు మిగిలిందని ఆరోజు మురిసిపోయాను కూడా.

పద్నాలుగు నెలలు బాగానే గడిచింది. 2023 అక్టోబరులో ఆవిడ బేస్‌మెంటు మెట్లమీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది. ఆ తరవాత నడక నేర్పడానికి పునరావాస కేంద్రంలో చేర్చారు. పన్నెండో రోజున ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. ఆస్పత్రి కాగితాలకి మనకి అలవాటే కదా, పెట్టేశాం. తీరా చూస్తే అది ప్లానువాళ్ళు "ఎల్లుండి నుంచి మేము డబ్బు కట్టం" అని ఇచ్చిన నోటీసు. అప్పటికి ఆవిడ వాకరు పట్టుకుని బాత్రూందాకా కూడా వెళ్ళలేకపోతోంది. ఆ నోటీసు మీదే, ఆఖరి రోజుకి ముందురోజు మధ్యాహ్నంలోగా ఫోను చేసి అప్పీలు చెయ్యవచ్చని రాసి ఉంది. సంతకం పెట్టడం అంటే కాగితం అందిందని ఒప్పుకోవడమే, ఇంటికి పోతామని ఒప్పుకోవడం కాదు. ఈ రెండు సంగతులూ నాకు ఇంటికొచ్చిన నాలుగోరోజున తెలిశాయి.

సరే, ఈ ప్లాను మానేసి నాలాగే మెడిగాప్‌కి మారుద్దామనుకున్నాం. అసలు దెబ్బ అక్కడ తగిలింది. 65 ఏళ్ళు నిండి పార్ట్ బి మొదలైన నాటినుంచి ఆరు నెలలపాటు ఏ మెడిగాప్ కంపెనీ అయినా మన జబ్బులు అడక్కుండా, ధర పెంచకుండా పాలసీ ఇచ్చి తీరాలి. అది ఫెడరల్ చట్టం. 65లో మొదటిసారి అడ్వాంటేజ్‌లో చేరినవాళ్ళకి ఇంకో వెసులుబాటు ఉంది, పన్నెండు నెలల లోపల వెనక్కి వచ్చి మెడిగాప్ కొనుక్కోవచ్చు. మాకు పద్నాలుగో నెల. రెండు నెలల తేడా. మూడు కంపెనీలకి దరఖాస్తు పెట్టాం. షుగరు, విరిగిన తుంటి చూసి మూడూ కాదన్నాయి. అసలు మెడికేరుకి ఎప్పుడైనా తిరిగి రావచ్చు గానీ మెడిగాప్ లేకుండా వస్తే డాక్టరు ఖర్చుల్లో మన వంతు 20 శాతానికి పై హద్దు లేదు. అంచేత ఆవిడ ఇప్పటికీ అడ్వాంటేజ్‌లోనే ఉంది. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద రెండు రకాల బీమాలు.

నదిని దాటి న్యూయార్కు వెళితే ఈ బాధ లేదు. న్యూయార్కు, కనెక్టికట్ రాష్ట్రాల్లో ఏడాది పొడుగునా ఎప్పుడడిగినా జబ్బులతో నిమిత్తం లేకుండా మెడిగాప్ ఇవ్వాలి. మన న్యూజెర్సీలో అలా లేదు. దీనిగురించి చివర్లో చెబుతాను, ఇది రాజకీయ ఫోరం కదా.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళదాం. మెడికేర్ చట్టం మీద జాన్సన్ సంతకం పెట్టింది 1965 జూలై 30న. మనబోటివాళ్ళకి ఈ దేశం తలుపు తెరిచిన ఇమ్మిగ్రేషను చట్టం మీద సంతకం పెట్టింది అదే ఏడు అక్టోబరు 3న. రెండూ ఒకే కాంగ్రెసు చేసిన పనులు. ప్రైవేటు కంపెనీల ప్లాన్లు 1997 చట్టంతో ఇప్పటి రూపంలోకి రావడం మొదలైంది. 2003 చట్టం వాటికి అడ్వాంటేజ్ అని పేరు పెట్టి, 2006 నుంచి మందులకి పార్ట్ డి తెచ్చింది. ఇవాళ మెడికేరులో ఉన్నవాళ్ళలో సగానికి పైగా అడ్వాంటేజ్‌లోనే ఉన్నారు. వాళ్ళంతా తెలివితక్కువవాళ్ళని నేను అనను. అడ్వాంటేజ్‌లో ఏడాదికి మన జేబు ఖర్చుకి ఒక హద్దు ఉంటుంది. 2026లో నెట్‌వర్కు లోపల అది 9,250 డాలర్లకి మించకూడదు. నెలనెలా మెడిగాప్ కట్టడం కష్టమయ్యేవాళ్ళకి అది పెద్ద ధైర్యం. ఈ హాల్లోనే పదేళ్ళుగా అందులో సంతోషంగా ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు.

అయితే అడ్వాంటేజ్ ప్లాను ఊరికి కట్టిన గేదెలాంటిది. తాడు ఎంతదూరమో అంతవరకే మేత. ప్లాన్లు కౌంటీలవారీగా ఉంటాయి. మిడిల్‌సెక్స్ కౌంటీలో దొరికేది సోమర్సెట్‌లో దొరక్కపోవచ్చు. దొరికినా నెట్‌వర్కు వేరే కావచ్చు. మనకిక్కడ ఎడిసన్‌లో జె.ఎఫ్.కె. ఉంది, న్యూ బ్రన్స్‌విక్‌లో రాబర్ట్ వుడ్ జాన్సన్, సెయింట్ పీటర్స్ ఉన్నాయి, ప్లెయిన్స్‌బరోలో ప్రిన్స్‌టన్ మెడికల్ సెంటర్ ఉంది. మీ గుండె డాక్టరు ఒకచోట, మీ ఎముకల డాక్టరు ఇంకోచోట ఉంటారు. ప్లానులో చేరేముందు కంపెనీ వెబ్‌సైటులో పేరు చూసుకోవడం చాలదు. డాక్టరుగారి ఆఫీసులో బిల్లింగు చూసే అమ్మాయికి ఫోను చేసి, ప్లాను పూర్తి పేరు చెప్పి, "వచ్చే సంవత్సరం కూడా తీసుకుంటారా?" అని అడగాలి. కంపెనీ పేరు ఒకటే అయినా ఆ కంపెనీకి పది ప్లాన్లుంటాయి. అసలు మెడికేరులో ఈ బెడద లేదు, మెడికేరు తీసుకునే డాక్టరు దేశంలో ఎక్కడైనా సరే.

మనవాళ్ళ జీవితం చూడండి. ఆరు నెలలు ఎడిసన్‌లో కూతురి దగ్గర, ఆరు నెలలు డాలస్ పక్కన ఫ్రిస్కోలో కొడుకు దగ్గర. మనవలు ఎక్కడుంటే మనం అక్కడ. హెచ్.ఎమ్.ఓ. ప్లానుతో ఫ్రిస్కో వెళితే ఎమర్జెన్సీకీ అర్జంటు వైద్యానికీ తప్ప మామూలు వైద్యానికి డబ్బు రాదు. మెడిగాప్ అయితే మీతోపాటే విమానం ఎక్కుతుంది. పైగా అడ్వాంటేజ్ ప్లాను ప్రాంతం వదిలి వరసగా ఆరు నెలలు దాటి ఉంటే ప్లానులోంచి తీసేస్తారు. కొన్ని ప్లాన్లు మాత్రం పన్నెండు నెలలదాకా ఒప్పుకుంటాయి. సంక్రాంతికని వెళ్ళి ఉగాది చూసుకుని, మామిడికాయల కాలం కూడా అయ్యాక వచ్చే అలవాటున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇండియా సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. హైదరాబాదులోగానీ విజయవాడలోగానీ ఆస్పత్రిలో చేరితే అసలు మెడికేరు ఒక్క పైసా ఇవ్వదు. మెడిగాప్‌లో సీ, డీ, ఎఫ్, జీ, ఎమ్, ఎన్ ప్లాన్లు విదేశంలో ఎమర్జెన్సీకి ఇస్తాయి. 250 డాలర్లు మనం పెట్టుకున్నాక 80 శాతం, జన్మ మొత్తంమీద 50,000 డాలర్లదాకా. కానీ ప్రయాణం మొదలైన మొదటి 60 రోజుల్లో వచ్చిన ఎమర్జెన్సీకే. మా మిత్రుడొకాయనకి గుంటూరులో డెబ్భై ఒకటోరోజున గుండె నొప్పి వచ్చింది. పాలసీలో ఉన్న మాట ప్రకారం కంపెనీ కాదంది, దాన్ని తప్పుపట్టలేం. కొన్ని అడ్వాంటేజ్ ప్లాన్లు కూడా విదేశాల్లో ఎమర్జెన్సీకి ఎంతో కొంత ఇస్తాయి, చదివి చూసుకోవాలి. ఏటా మూడు నాలుగు నెలలు అక్కడ గడిపేవాళ్ళు అక్కడి పాలసీ ఒకటి తీసుకోవడం గురించి ఆలోచించండి. 2024లో ఐ.ఆర్.డి.ఎ.ఐ. 65 ఏళ్ళ వయసు హద్దు తీసేసింది, ముందునుంచీ ఉన్న జబ్బులకి వేచి ఉండాల్సిన కాలాన్ని మూడేళ్ళకి మించకుండా చేసింది. మూడేళ్ళు అంటే ఇవాళ మొదలుపెడితేనే 2029కి పనికొస్తుంది.

తేదీల విషయంలో మా బావగారి కథ చెప్పాలి. ఆయన ఉద్యోగం 2022 సెప్టెంబరులో పోయింది. కోబ్రా కింద పాత కంపెనీ ఇన్స్యూరెన్సునే పద్దెనిమిది నెలలు డబ్బుకట్టి కొనసాగించారు. 2023 మార్చిలో 65 నిండాయి. "ఇన్స్యూరెన్సు ఉందిగా, పార్ట్ బి ఎందుకు?" అనుకున్నారు. ఉద్యోగం చేస్తూ, ఇరవైమందికి పైగా ఉన్న కంపెనీ ఇన్స్యూరెన్సు ఉన్నవాళ్ళు పార్ట్ బి ఆపుకోవచ్చు. కానీ కోబ్రా ఆ లెక్కలోకి రాదు. ఆయన గడువు జూన్‌తో అయిపోయింది. 2024 మార్చి ఆఖరున కోబ్రా పోయింది. ఏప్రిల్లో సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళితే, జనవరి నుంచి మార్చిదాకా ఉండే సాధారణ గడువు నిన్నటితో అయిపోయింది, మళ్ళీ జనవరిలో రమ్మన్నారు. పది నెలలపాటు పార్ట్ ఏ తప్ప ఏమీ లేదు. 2025 ఫిబ్రవరిలో పార్ట్ బి మొదలైంది, ప్రీమియం మీద బతికినంతకాలం 10 శాతం జరిమానాతో. ఆయన చార్టర్డ్ అకౌంటెంటు. అంత లెక్కలు తెలిసిన మనిషికే అలా జరిగింది.

జీతాలు బాగా ఉన్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. 2026లో పార్ట్ బి నెలకి 202.90 డాలర్లు. రెండేళ్ళ కిందటి పన్ను రిటర్నులో ఒంటరివాళ్ళకి 109,000, జంటకి 218,000 డాలర్లు దాటితే ప్రీమియం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. రిటైరైన ఏడాదిలో మనకి ఆ ఆదాయం ఉండదు గానీ వాళ్ళు చూసేది పాత రిటర్ను. ఎస్.ఎస్.ఎ.-44 అనే ఫారం నింపి "నేను పని మానేశాను" అని చెబితే తగ్గిస్తారు. నాకు తగ్గించారు. అలాగే హెచ్.ఎస్.ఏ.లో డబ్బు వేసేవాళ్ళు 65 దాటాక మెడికేరు తీసుకుంటే పార్ట్ ఏ ఆరు నెలలు వెనక్కి వెళ్ళి మొదలవుతుందని మర్చిపోకండి, ఆ ఆరు నెలలూ వెయ్యకూడదు.

మందుల దగ్గర మాత్రం మంచి వార్తలున్నాయి. 2022 చట్టం వల్ల ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు దాటదు, 2026లో పార్ట్ డి మందులకి మన జేబు ఖర్చు 2,100 డాలర్ల దగ్గర ఆగిపోతుంది. 2003 చట్టం మందుల ధర బేరమాడకూడదని మెడికేరు చేతులు కట్టేసింది. ఇరవై ఏళ్ళ తరవాత ఆ కట్లు కొంచెం వదులయ్యాయి. బేరమాడిన మొదటి పది మందుల ధరలు 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. మన ఇళ్ళలో ఫ్రిజ్ మీద ఉండే జనూవియా వాటిలో ఒకటి, నెలకి 527 డాలర్లున్న జాబితా ధర 113కి వచ్చింది. అయినా పార్ట్ డి ప్లాను ఏటా చూసుకోవాలి. అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 లోపల మెడికేర్ వెబ్‌సైటులో మీ జిప్ కోడు, మీ మందుల పేర్లు, మీ ఫార్మసీ పేరు వెయ్యండి. మొత్తం ఏడాది ఖర్చు ఎంతో అదే చెబుతుంది. ప్రీమియం తక్కువది చూసి ఎంచుకోకండి. భార్యాభర్తలకి ఒకే ప్లాను ఉండాలని ఎక్కడా లేదు.

ఇప్పుడు అమ్మానాన్నల సంగతి. "నేను పాతికేళ్ళు పన్ను కట్టాను, మా నాన్నగారికి మెడికేరు రాదా?" అని ప్రతి సమావేశంలో ఎవరో ఒకరు అడుగుతారు. రాదు. మన పన్నులతో మనకీ, మన భార్యకో భర్తకో వస్తుంది. గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు ఐదేళ్ళు విడవకుండా ఇక్కడ నివాసం ఉంటే కొనుక్కోవచ్చు. 2026లో పార్ట్ ఏకి నెలకి 565, పార్ట్ బికి 202.90. ఇద్దరికీ కలిపితే నెలకి 1,535 డాలర్ల పైమాటే. పార్ట్ బి ఒక్కటే కొనేవాళ్ళున్నారు గానీ దానితో ఆస్పత్రి ఖర్చు రాదు, మెడిగాప్‌గానీ అడ్వాంటేజ్‌గానీ దొరకదు. ఐదేళ్ళ లోపల వాళ్ళకి గెట్ కవర్డ్ ఎన్.జె. మార్కెట్టు ఉంది. వాళ్ళని మీ రిటర్నులో డిపెండెంట్లుగా చూపిస్తే మీ ఆదాయమే లెక్క, రాయితీ రావడం కష్టం. 2021లో పెంచిన ఫెడరల్ రాయితీలు 2025 చివరివరకే చట్టంలో ఉన్నాయని కూడా లెక్కలో పెట్టుకోండి.

ఇంకొకటి, ఈ గదిలో చిన్నవాళ్ళు వినాలి. 2025 జూలై 4న సంతకమైన చట్టం మెడికేరుని పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ, ఇంకో ఒకటి రెండు చిన్న వర్గాలకీ పరిమితం చేసింది. హెచ్-1బి మీద పదేళ్ళు, అంటే 40 క్వార్టర్లు పన్ను కట్టినా, 65 నాటికి గ్రీన్‌కార్డు చేతికి రాకపోతే మెడికేరు లేదు. జీతంలోంచి 1.45 శాతం మాత్రం కోస్తూనే ఉంటారు, యజమాని ఇంకో 1.45 కడతాడు. గ్రీన్‌కార్డు వరసలో మనవాళ్ళు ఎన్నేళ్ళుగా నిలబడ్డారో నేను వేరే చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళవాళ్ళకి ఇది దూరపు సంగతిలా కనిపిస్తుంది. యాభై అయిదేళ్ళ వయసులో ఇంకా వరసలో ఉన్న ఇద్దరు నాకు తెలుసు.

మళ్ళీ మా ఆవిడ కాగితం దగ్గరికి వస్తాను. ప్లాను కాదన్నంత మాత్రాన అయిపోయినట్టు కాదు. 2022 ఏప్రిల్ నివేదికలో ఫెడరల్ ఆరోగ్యశాఖ ఇన్స్పెక్టర్ జనరల్ కార్యాలయం పరిశీలించిన ముందస్తు అనుమతి తిరస్కరణల్లో 13 శాతం మెడికేరు నిబంధనల ప్రకారం ఇవ్వాల్సినవే. 2023లో తిరస్కరణ మీద అప్పీలు చేసినవి నూటికి పన్నెండు కూడా లేవు, చేసినవాటిలో 80 శాతం పైగా పూర్తిగానో కొంతో గెలిచాయి. మనవాళ్ళు గొడవెందుకని ఊరుకుంటారు. నేను ఊరుకున్నాను. అసలు మెడికేరులో ముందస్తు అనుమతి గోల తక్కువ అని చెబుతూ వచ్చాను గానీ 2026 జనవరి నుంచి మన న్యూజెర్సీతో సహా ఆరు రాష్ట్రాల్లో కొన్ని చికిత్సలకి అక్కడ కూడా ప్రయోగంగా పెట్టారు. గమనిస్తూ ఉండండి.

సలహా ఎవరినడగాలి? ఏజెంటు మంచివాడే కావచ్చు, ఆయనకి కమీషను మాత్రం ప్లానువాళ్ళిస్తారు. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా కార్యక్రమం ఉంది. న్యూజెర్సీలో ప్రతి కౌంటీలోనూ ఉంది, శిక్షణ పొందిన వాలంటీర్లు కూర్చుని లెక్కలు చూపిస్తారు, అమ్మేదేమీ ఉండదు. టెక్సాసులో, కాలిఫోర్నియాలో హైకాప్ అంటారు. తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళకి మందులకోసం పాడ్, సీనియర్ గోల్డ్ అనే రాష్ట్ర పథకాలు కూడా వాళ్ళే చెప్పారు నాకు. నేను పోయిన ఏడాది ఆ శిక్షణ తీసుకున్నాను. మా కౌంటీలో తెలుగులో చెప్పే వాలంటీరు ఇంకొకరు నాకు కనిపించలేదు.

ఇక ఫోరం పని. న్యూయార్కులాగే ఏ నెలలోనైనా జబ్బులు అడక్కుండా మెడిగాప్ ఇవ్వాలని ట్రెంటన్‌లో చట్టం తేవాలని మన అసెంబ్లీ సభ్యుల్నీ సెనేటర్నీ అడుగుతూ ఉత్తరం తయారుచేశాను. దీనికో అభ్యంతరం ఉంది, నేనే చెబుతాను. అలా చేస్తే జబ్బుపడ్డాక చేరేవాళ్ళు ఎక్కువై అందరి ప్రీమియమూ పెరుగుతుంది. న్యూయార్కులో మెడిగాప్ ధర ఎక్కువేనన్నది నిజం. నా ప్లాను జీ ధర కూడా పెరుగుతుంది. కనీసం ఏటా పుట్టినరోజు ముందువెనకల ఒక నెల గడువైనా ఇవ్వవచ్చు, కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికే మెడిగాప్ ఉన్నవాళ్ళు మారడానికి అలాంటి గడువుంది. దాన్ని అడ్వాంటేజ్ వాళ్ళకి కూడా వర్తింపజెయ్యమని ఉత్తరంలో రెండో కోరికగా రాశాను. ఒప్పుకోనివాళ్ళు చర్చలో చెప్పండి, మార్చుకుందాం.

ఉత్తరం వెనక బల్ల మీద ఉంది. పక్కనే ఇంకో కాగితం, షిప్ శిక్షణకి పేర్లిచ్చేవాళ్ళకోసం. అది మా ఆవిడ దగ్గరుంది. మొదటి పేరు ఆవిడదే రాసుకుంది, ఇప్పుడే చూశాను. ఇంక ప్రశ్నలు అడగండి.